స్వేచ్ఛ, సమానత్వం, ఆస్తి, రాజ్యం: పెట్టుబడిదారీ దృష్టికీ కమ్యూనిస్టు దృష్టికీ ఈ మాటల అర్థం ఒక్కటేనా?

#1 · అక్షరబాట

నేను రాజనీతి శాస్త్రం బోధిస్తాను. ఏటా ఒక పాఠం దగ్గరికి వచ్చేసరికి నాకు మనసు కుదురుగా ఉండదు. ఆ పాఠం చివర రెండు గడుల పట్టిక ఒకటి ఉంటుంది. ఎడమ గడిలో పెట్టుబడిదారీ విధానం, కుడి గడిలో కమ్యూనిజం. ఎడమవైపు స్వేచ్ఛ అని రాసి ఉంటే కుడివైపు సమానత్వం అని ఉంటుంది. ఎడమవైపు సొంత ఆస్తి అంటే కుడివైపు ఆస్తి రద్దు. ఎడమవైపు ప్రజాస్వామ్యం అంటే కుడివైపు నియంతృత్వం. విద్యార్థులు దాన్ని కంఠతా పట్టి, పరీక్షలో దించి, ఆ మరునాడే మరచిపోతారు.

ఈసారి ఒక అమ్మాయి లేచి, 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళికలో ప్రతి ఒక్కరి స్వేచ్ఛాయుత వికాసమే అందరి స్వేచ్ఛాయుత వికాసానికి షరతుగా ఉండే సమాజం గురించి రాశారు కదా, మరి స్వేచ్ఛ అనే మాట ఎడమ గడిలో మాత్రమే ఎందుకుంది అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆలోచించిన కొద్దీ ఆ పట్టికలో తప్పు గడుల్లో రాసిన మాటల్లో లేదనీ, గడులు గీసిన తీరులోనే ఉందనీ అనిపిస్తోంది. ఒక్కొక్క మాటను తీసుకుని, దాన్ని రెండు పక్షాలవారూ ఏ అర్థంలో వాడారో ఇక్కడ చర్చించగలరా? ఏ పాలనలో ఎందరు చనిపోయారన్న లెక్కలు ముఖ్యమైనవే, కాని వాటికి వేరే చర్చ పెట్టుకుందాం.

#2 · స్వేచ్ఛాపథం

ఆస్తితో మొదలుపెడదాం, ఎందుకంటే నేను సమర్థించే ఆలోచనలో స్వేచ్ఛకు పునాది అక్కడే పడింది. ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ 1689లో చేసిన వాదన ఇది: ప్రతి మనిషికీ తన శరీరం మీద హక్కు ఉంది కనుక ఆ శరీరం చేసే శ్రమ మీదా అతనికే హక్కు ఉంది, ఎవరిదీ కాని నేలకు ఆ శ్రమను జోడిస్తే పండినది అతనిదే అవుతుంది. ఈ వాదనను ఆయన ఎవరికి వ్యతిరేకంగా చేశాడో గమనించాలి. పేదవాడి చేతిలోనిది లాక్కోవడానికి కాదు, రాజు తన ఇష్టం వచ్చినప్పుడు ప్రజల సొమ్ము మీద చెయ్యి వేయకుండా అడ్డుకోవడానికి చేశాడు. అంటే ఆస్తి మొదట ఒక కంచె. కంచె లోపల ఉన్న మనిషి పాలకుడికి ఎదురు చెప్పినా మరునాడు బతకగలడు.

అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో ఇదే ఆలోచనను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాడు. ప్రభుత్వమే ఏకైక యజమాని అయిన చోట ప్రభుత్వాన్ని విమర్శించేవాడికి ఉద్యోగం ఎవరిస్తారు, అతని పత్రికకు కాగితం ఎవరమ్ముతారు అన్నది ఆయన ప్రశ్న. ఆయన తీసుకున్న ఉదాహరణ అమెరికాదే. కమ్యూనిస్టు అని ముద్రవేసి సినిమా పరిశ్రమ వెలివేసిన రచయిత డాల్టన్ ట్రంబో మారుపేరుతో కథలు అమ్ముకుంటూ బతికాడు. 1957లో రాబర్ట్ రిచ్ అనే పేరుకు ఆస్కార్ ప్రకటిస్తే దాన్ని అందుకోవడానికి ఆ రిచ్ రాలేదు, ఎందుకంటే ఆ రిచ్ ఈ ట్రంబోయే. మంచి కథ చవకగా దొరుకుతుంటే కొనేవాడు రాసినవాడి రాజకీయం అడగడు. బజారుకు ఉన్న ఈ పట్టనితనమే స్వేచ్ఛకు రక్షణ అని మా పక్షం అంటుంది.

#3 · ఎర్రంచు

ట్రంబో కథను మీరు చివర నుంచి చెప్పారు, నేను మొదటి నుంచి చెబుతాను. 1947 నవంబరులో పెద్ద స్టూడియోల అధిపతులు సమావేశమై, సినిమా రంగంలో కమ్యూనిస్టుల గురించి ఆరా తీసిన అమెరికా చట్టసభ విచారణ సంఘానికి జవాబు చెప్పని పదిమందికి పని ఇవ్వబోమని ప్రకటించారు. అలా చేయమని ఏ చట్టమూ వారికి చెప్పలేదు. యజమానులంతా ఒకరోజు ఒకచోట కూర్చుంటే చాలు, బజారు పట్టనితనం మాయమై పట్టింపు వచ్చేస్తుంది. మారుపేరు పెట్టుకుని సగం ధరకు రాయవలసి రావడాన్ని స్వేచ్ఛకు రుజువుగా చూపడం నాకు వింతగా ఉంది.

ఆస్తి విషయానికి వస్తే, పట్టికలోని ‘ఆస్తి రద్దు’ అన్న మాట అన్నింటికన్నా ఎక్కువ అపార్థం కలిగించింది. కమ్యూనిస్టు ప్రణాళిక రాసిన మార్క్స్, ఎంగెల్స్ ఇద్దరూ తాము రద్దు చేయదలచింది ఆస్తిని మొత్తంగా కాదనీ, బూర్జువా ఆస్తిని మాత్రమేననీ అక్కడే స్పష్టంగా రాశారు. వాడుకునే వస్తువు వేరు, ఇతరుల శ్రమను అదుపులో ఉంచుకునే సాధనం వేరు. నువ్వు నివసించే ఇల్లు మొదటిది. వందమంది పనిచేస్తే తప్ప నడవని, కాని ఒక్కడి పేరు మీద ఉన్న కర్మాగారం రెండవది. 1936 సోవియట్ రాజ్యాంగంలోని పదో అధికరణం పనిచేసి సంపాదించిన ఆదాయానికీ, పొదుపుకూ, నివాస గృహానికీ, వాటి వారసత్వానికీ కూడా చట్టరక్షణ ఇచ్చింది.

లాక్‌ను చదివేటప్పుడు చాలామంది ఒక వాక్యాన్ని దాటేస్తారు. నా గుర్రం మేసిన గడ్డి, నా సేవకుడు కోసిన పచ్చికగడ్డలు, నేను తవ్విన ఖనిజం, ఇవన్నీ నా ఆస్తి అవుతాయి అంటాడు. శ్రమ జోడించినవాడిదే ఫలితం అన్న సూత్రం చెప్పిన రచనలోనే సేవకుడు కోసినది యజమానిది ఎలా అయింది? ఆ సేవకుణ్ణి గుర్రం పక్కన నిలబెట్టిన ఆ వాక్యంలోంచే మా విమర్శ అంతా పుట్టిందంటే అతిశయోక్తి కాదు. మార్క్స్ 1867లో చెప్పింది కూడా అదే. కార్మికుడు రెండు విధాలుగా స్వేచ్ఛాజీవి: తన శ్రమశక్తిని తన ఇష్టం వచ్చినవాడికి అమ్ముకునే స్వేచ్ఛ ఒకటి, అమ్ముకోవడానికి అది తప్ప మరేమీ లేకుండా అన్నింటి నుంచీ విడివడిన స్వేచ్ఛ రెండోది. ఈ రెండో దానిలోని వెటకారం పట్టికల్లోకి ఎక్కదు.

#4 · కొత్తచూపు

నేను ఈ గ్రంథాలేవీ చదివినవాణ్ణి కాను. ఒక గోదాములో అరల్లోంచి సరుకు తీసి పెట్టెల్లో సర్దే పని చేస్తాను. చేరిన రోజు పద్దెనిమిది పేజీల ఒప్పందం చేతికిచ్చి, వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు, చదివి సంతకం చేయండి అన్నారు. నేను పేరూ జీతమూ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని సంతకం చేశాను. పనిలో స్కానర్ చేతికి కట్టుకుంటాం. ఒక వస్తువుకూ ఇంకొక వస్తువుకూ మధ్య కొంత వ్యవధి దాటితే తెర అంచున పసుపు గీత వస్తుంది, అది ఎర్రగా మారితే సూపర్‌వైజర్ వరుస చివర కనిపిస్తాడు. మొదటి నెలలో నీళ్లు తాగడానికి కూడా ఆ గీత రంగు చూసుకుని వెళ్లేవాణ్ణి.

అయితే నన్ను ఎవరూ బలవంతంగా తెచ్చి అక్కడ నిలబెట్టలేదు. దీనికి ముందు చేసిన పని నచ్చక, చెప్పి మానేసి వచ్చాను. రేపు దీన్నీ మానేయగలను. కనుక గేటు బయట ఉన్నప్పుడు స్వేచ్ఛాపథం గారి మాట నిజమనిపిస్తుంది, గేటు లోపల ఉన్న ఎనిమిది గంటలూ ఎర్రంచు గారి మాట నిజమనిపిస్తుంది. నాకు ఒకటే సందేహం. కర్మాగారాలు ప్రజలవే అన్న దేశాల్లో పని నచ్చనివాడు చెప్పి మానేయగలిగేవాడా?

#5 · పాతచదువరి

కొత్తచూపు గారు అడిగిన ప్రశ్న ఈ చర్చకు ఆయువుపట్టు. దానికి జవాబుగా రెండు చట్టాల కథ కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది అమెరికాది. న్యూయార్క్ రాష్ట్రం 1895లో రొట్టెల కార్ఖానాల మీద ఒక చట్టం చేసింది. నేలమాళిగల్లో, పిండి ధూళిలో, కొలిమి పక్కనే నిద్రపోతూ పనిచేసే కార్మికుల చేత రోజుకు పది గంటలు, వారానికి అరవై గంటలు మించి పనిచేయించకూడదన్నది అందులోని ముఖ్య నిబంధన. జోసెఫ్ లాక్‌నర్ అనే యజమాని దాన్ని ఉల్లంఘించినందుకు 50 డాలర్ల జరిమానా పడింది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1905లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఇంకొకవైపు నిలిచి, ఆ చట్టం చెల్లదని తీర్పు ఇచ్చారు. ఎన్ని గంటలు పనిచేయాలో ఒప్పుకునే స్వేచ్ఛ యజమానికి ఎంత ఉందో కార్మికుడికీ అంతే ఉందనీ, రాజ్యం ఆ స్వేచ్ఛలో జోక్యం చేసుకుందనీ దాని సారాంశం. అంటే అరవై గంటలకు మించి పనిచేసే కార్మికుడి స్వేచ్ఛను న్యాయస్థానం కార్మికుడి పేరునే కాపాడింది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి హోమ్స్, రాజ్యాంగం ఏ ఒక్క ఆర్థిక సిద్ధాంతాన్నీ శాసనంగా చేయలేదని గుర్తుచేశాడు. లాక్‌నర్ తీర్పులోని వైఖరిని అదే న్యాయస్థానం 1937లో, వాషింగ్టన్ రాష్ట్రపు కనీస వేతన చట్టాన్ని సమర్థిస్తూ విడిచిపెట్టింది.

రెండోది సోవియట్ యూనియన్‌ది. 1940 జూన్ 26న వెలువడిన ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా ఉద్యోగం వదిలేయడం నేరం. దానికి రెండు నుంచి నాలుగు నెలల జైలు శిక్ష. పనికి ఇరవై నిమిషాలకు మించి ఆలస్యంగా రావడాన్ని గైర్హాజరుగా లెక్కించి, ఆరు నెలల వరకు అదే పనిచోట సగటు జీతంలో నాలుగో వంతు దాకా కోతతో పనిచేసే శిక్ష వేసేవారు. యుద్ధం ముంచుకొస్తున్న కాలం అది, నిజమే. కాని యుద్ధం ముగిసి పదేళ్లు దాటాక, 1956లో గాని ఆ శిక్షలు రద్దు కాలేదు. గ్రామాల సంగతి ఇంకా దీర్ఘమైనది. 1932లో దేశంలో తిరగడానికి లోపలి పాస్‌పోర్టులు ప్రవేశపెట్టినప్పుడు సమష్టి క్షేత్రాల రైతులకు సాధారణంగా వాటిని ఇవ్వలేదు. వారికి ఆ హక్కు ఇస్తూ నిర్ణయం వచ్చింది 1974లో. కనుక కొత్తచూపు గారూ, మీ ప్రశ్నకు చాలాకాలం పాటు జవాబు ‘లేదు’ అనే.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తోచేది ఇది. పెట్టుబడిదారీ ఆలోచన సంతకం పెట్టిన క్షణం దగ్గర ఆగి, అక్కడ బలవంతం ఉందా లేదా అని చూస్తుంది. అధికారంలోకి వచ్చిన కమ్యూనిజం యాజమాన్య పత్రం దగ్గర ఆగి, దాని మీద ఎవరి పేరుందో చూస్తుంది. స్కానర్ మీది పసుపు గీత ఈ రెండు కాగితాల్లో దేనిలోనూ కనిపించదు.

#6 · ఎర్రంచు

పాతచదువరి గారు ‘అధికారంలోకి వచ్చిన’ అన్న విశేషణం వాడినందుకు కృతజ్ఞుణ్ణి, ఎందుకంటే పనిదినం మీద మార్క్స్ రాసిన సుదీర్ఘమైన అధ్యాయం కర్మాగార తనిఖీ అధికారుల నివేదికల్లోంచి ఆ గంటల్నే తవ్వి తీసింది. 1940 ఉత్తర్వును నేను సమర్థించను. అయితే దాన్ని సిద్ధాంతపు సహజ ఫలితం అనేవారు లాక్‌నర్ తీర్పును కూడా తమ సిద్ధాంతపు సహజ ఫలితంగా ఒప్పుకోవాలి.

#7 · తూకంరాళ్లు

ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మనం సమానత్వం దాకా రావాలి. ‘కమ్యూనిజం అంటే అందరికీ సమాన జీతం’ అన్నది పట్టికలో ఎక్కడో ఉండే ఉంటుంది. అది శుద్ధ తప్పు.

1875లో గోథా నగరపు మహాసభ కోసం జర్మన్ కార్మిక పార్టీ తయారుచేసిన కార్యక్రమపు ముసాయిదా మీద మార్క్స్ రాసిన వ్యాఖ్యలు చూడండి. చేసిన పనిని బట్టి ప్రతిఫలం ఇవ్వడం సమాన హక్కే, కాని ఒక కార్మికుడికి పెళ్లయింది, ఇంకొకడికి కాలేదు. ఒకడికి ఎక్కువమంది పిల్లలు, ఒకడు బలవంతుడు. ఒకే కొలబద్దతో వేర్వేరు మనుషుల్ని కొలిస్తే వచ్చేది అసమానతే, కనుక ప్రతి హక్కూ సారంలో అసమానత హక్కే అని ఆయన తేల్చాడు. ‘శక్తి కొద్దీ పని, అవసరం కొద్దీ ప్రతిఫలం’ అన్నది ఆ చిక్కును దాటిన తరువాతి దశకు సంబంధించిన మాట, విప్లవం మరునాటి జీతాల పట్టిక కాదు. స్టాలిన్ అయితే 1931లో జీతాల సమీకరణ మీద బహిరంగంగానే విరుచుకుపడ్డాడు. పార్టీ సభ్యుల జీతం మీద ఉన్న గరిష్ఠ పరిమితిని ఆ మరుసటి ఏడే ఎత్తేశారు.

ఇటువైపు స్వేచ్ఛా విపణిని సమర్థించిన ఆర్థికవేత్త హయెక్ కూడా దాదాపు ఇదే గమనికతో మొదలవుతాడు. వేర్వేరు శక్తులున్న మనుషుల్ని చట్టం ఒకేలా చూస్తే ఫలితాలు అసమానంగా ఉంటాయి; ఫలితాలు సమానంగా ఉండాలంటే మనుషుల్ని చట్టం వేర్వేరుగా చూడాలి. మార్క్స్, హయెక్ ఇద్దరూ ఒకే కూడలి దాకా కలిసి నడిచి, అక్కడ చెరో దారి పట్టారు. ఒకే చట్టం ముఖ్యం కనుక అసమాన ఫలితాల్ని భరిద్దాం అన్నది ఒక దారి. అవసరాలు ముఖ్యం కనుక ఒకే కొలబద్దను చివరికి వదిలేద్దాం అన్నది రెండో దారి. రెండో దారిలో నాకు ఒక అనుమానం ఉంది. కొలబద్ద పోయాక ఎవరి అవసరం ఎంతో చెప్పేది ఎవరు? చెప్పేవాడు ఒకడు ఉన్నాడంటే అతను మిగిలినవారితో సమానుడు కాడు. మొదటి దారి మీదా అనుమానం ఉంది: ఈ తరం అసమాన ఫలితమే రేపటి తరానికి అసమాన ఆరంభం అవుతుంది, అప్పుడు ‘ఒకే చట్టం’ ఎవరి పిల్లల మధ్య పోటీని తీరుస్తోంది?

#8 · నిర్వాహకుడు

ఒక సభ్యుడు మరొకరిని వ్యక్తిగతంగా దూషిస్తూ రాసిన వ్యాఖ్యను తొలగించాను. విషయం మీదే ఉండవలసిందిగా మనవి.

#9 · స్వేచ్ఛాపథం

తూకంరాళ్లు గారు అడిగిన ‘చెప్పేది ఎవరు’ అన్న ప్రశ్న నుంచే నేను రాజ్యం దగ్గరికి వెళతాను. 1920లో ఆస్ట్రియా ఆర్థికవేత్త లుడ్విగ్ ఫాన్ మీసెస్ లేవనెత్తిన అభ్యంతరం నైతికమైనది కాదు, లెక్కకు సంబంధించినది. యంత్రాలు, గనులు, భూములు అన్నీ ఒకే యజమాని చేతిలో ఉంటే వాటిని కొనడం, అమ్మడం ఉండదు. కొనుగోలు లేనిచోట నిజమైన ధర ఉండదు. ధర లేనిచోట ఇనుముతో వంతెన కట్టాలా, కాంక్రీటుతో కట్టాలా అన్నదానికి ఆధారం ఉండదు. హయెక్ 1945లో దీన్ని ఇంకా సూక్ష్మంగా చెప్పాడు. కావలసిన సమాచారం ఏ ఒక్క బల్ల మీదికీ రాదు. అది కోట్లాది మనుషుల చేతుల్లో చిన్న చిన్న తునకలుగా ఉంటుంది. ఎక్కడో తగరం కొరత వస్తే, కారణం ఏమిటో తెలియని వేలాదిమంది కేవలం ధర పెరగడం చూసి దాని వాడకం తగ్గిస్తారు.

కనుక బజారును తీసేసినప్పుడు దాని పని చేయడానికి ఒక పెద్ద కార్యాలయం కావాలి. రాజ్యం వాడి రాలిపోతుందని 1878లో ఎంగెల్స్ రాశాడు, 1917లో లెనిన్ దాన్ని పుస్తకంగా విస్తరించాడు. కాని ప్రతి మేకునూ లెక్కపెట్టే కార్యాలయం ఎలా వాడిపోతుంది? పెరగడమే దాని ఉద్యోగం.

న్యాయంగా చెప్పాలంటే ఇందులో ఒక ముచ్చటైన మలుపు ఉంది. 1939లో లియొనిద్ కాంటొరోవిచ్ అనే సోవియట్ గణితశాస్త్రజ్ఞుడు ప్లైవుడ్ యంత్రాలకు పని ఎలా పంచాలన్న సమస్యను పరిష్కరించబోయి, ఉన్న వనరుల్ని అత్యుత్తమంగా వాడే గణిత పద్ధతిని కనిపెట్టాడు. ఆ పరిష్కారంలో ప్రతి వనరుకూ ఒక అంకె దానంతట అదే వచ్చింది, అది ధరలాంటిదే. అంటే బజారును గేటు బయటికి నెట్టినా, ధర అనేది లెక్కల పుస్తకంలోంచి మళ్లీ లోపలికి వచ్చింది. ఆయనకు 1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

#10 · ఎర్రంచు

కాంటొరోవిచ్‌ను నేను తలకిందులుగా చదువుతాను: బజారు లేకుండానే ఆ అంకెను కనుక్కోవచ్చునని ఆయన చూపించాడు. ఆ చర్చ ఇక్కడ ముగియదు, వదిలేద్దాం.

రాజ్యం గురించి మా పక్షం చెప్పేది ఏమిటంటే, అది రెండు జట్ల మధ్య ఈల ఊదే నిర్ణేత కాదు. ఆధునిక రాజ్యపు కార్యనిర్వాహక వర్గం మొత్తం బూర్జువా వర్గపు ఉమ్మడి వ్యవహారాలు చూసే సంఘం అని ప్రణాళిక అంటుంది. ఆస్తిని కాపాడే పోలీసు, ఒప్పందాన్ని అమలు చేసే న్యాయస్థానం, అప్పు తీర్చనివాడి సామాను జప్తు చేసే అధికారి, ఇవన్నీ లేకుండా ‘స్వేచ్ఛా విపణి’ ఒక పూట కూడా నిలవదు. కనుక ‘చిన్న రాజ్యం’ అన్నమాట అర్ధసత్యం. దానికి ప్రత్యామ్నాయంగా మార్క్స్ చూపింది 1871లో పారిస్ నగరంలో తిరుగుబాటుతో ఏర్పడిన ప్రజాపాలనను, అంటే పారిస్ కమ్యూన్‌ను: ప్రతినిధుల్ని ఎప్పుడైనా వెనక్కి పిలవవచ్చు, వారి జీతం కార్మికుడి కూలికి మించదు. అది డెబ్బై రెండు రోజులు బతికింది.

ఇక్కడ నా పక్షపు అపరాధాన్ని నేనే చెప్పుకోవాలి. 1917 నవంబరులో రష్యాలో జరిగిన ఎన్నికల్లో లెనిన్ పార్టీ అయిన బోల్షివిక్కులకు దాదాపు నాలుగో వంతు ఓట్లు వచ్చాయి. ఆ ఎన్నికతో ఏర్పడిన రాజ్యాంగ సభ 1918 జనవరిలో ఒక్కసారి సమావేశమైంది, దాన్ని రద్దు చేశారు. జర్మనీలో జైల్లో ఉన్న విప్లవకారిణి రోజా లక్సెంబర్గ్ ఆ ఏడే, స్వేచ్ఛ అంటే ఎప్పుడూ భిన్నంగా ఆలోచించేవాడి స్వేచ్ఛే అని రాసింది. ఆమె విప్లవానికి శత్రువు కాదు, ఆ విప్లవాన్ని కళ్లకద్దుకున్న మనిషి. ఆమెను చంపిన మూడేళ్ల తరువాత, 1922లో ఆ రచన అచ్చయింది. శ్రామికవర్గ నియంతృత్వం అన్నప్పుడు నియంతృత్వం చేసేది వర్గమా, పార్టీయా, కేంద్ర సంఘమా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవారు మాలో తక్కువ.

#11 · పాతచదువరి

ప్రజాస్వామ్యం గడి గురించి. ఎడమ గడిలో ఆ మాట రాసినవారు దాని వయసు చూడలేదు. బ్రిటన్‌లో 1838లో ఓటు హక్కు కోసం ఉద్యమించిన చార్టిస్టులు ఆరు కోరికలు పెట్టినప్పుడు, వయోజన పురుషులందరికీ ఓటు అన్నది ఆస్తికి ముప్పుగా కనిపించింది. వారి కోరికల్లో రహస్య ఓటు 1872లో, సభ్యులకు జీతం 1911లో నెరవేరాయి. పురుషులందరికీ ఓటు 1918లో వచ్చింది, స్త్రీలకు పురుషులతో సమానంగా 1928లో. విశ్వవిద్యాలయ పట్టభద్రులకూ, వ్యాపార స్థలం ఉన్నవారికీ ఉన్న రెండో ఓటు 1948 దాకా పోలేదు. పెట్టుబడిదారీ విధానం వచ్చిన చాలాకాలానికి గాని ప్రజాస్వామ్యం రాలేదు, అదీ ఎక్కువగా కార్మికులు, స్త్రీలు పోరాడితే వచ్చింది.

అయితే కుడివైపు చూడండి. 1918 నాటి సోవియట్ రష్యా రాజ్యాంగం లాభం కోసం కూలికి మనుషుల్ని పెట్టుకునేవారికి ఓటు తీసేసింది. పట్టణాల నుంచి 25,000 మంది ఓటర్లకు ఒక ప్రతినిధి, గ్రామీణ ప్రాంతాల నుంచి 1,25,000 మంది జనాభాకు ఒక ప్రతినిధి. అక్కడ ఆస్తి లేనివాడికి ఓటు లేదు, ఇక్కడ ఆస్తి ఉన్నవాడికి లేదు. రెండుచోట్లా నమ్మకం ఒక్కటే, మనిషి ఓటు అతని ఆస్తిని బట్టి పడుతుందని. 1936లో ఈ తేడాలు తొలగించి అందరికీ సమాన ఓటు ఇచ్చారు. ఓటు చీటీ మీద మాత్రం ఒక్క పేరే ఉండేది.

ఇంకొక దృశ్యం చెప్పి ఆపుతాను. 1980 ఆగస్టులో పోలండ్‌లోని గ్దాన్‌స్క్ నౌకా నిర్మాణ కేంద్రంలో కార్మికులు సమ్మె చేసి, తమ ఇరవై ఒక్క కోరికల్ని చెక్క పలకల మీద చేత్తో రాసి గేటుకు తగిలించారు. మొదటి కోరిక జీతం కాదు, పార్టీకీ యజమానులకూ సంబంధం లేని స్వేచ్ఛా కార్మిక సంఘాల గుర్తింపు. ‘యజమానులు’ అన్న మాటను గమనించండి. యజమాని అంటూ ఎవరూ లేరని రాజ్యం ముప్పై ఏళ్లకు పైగా చెబుతూ వచ్చిన చోట, ఆ కార్మికులు ఎదురుగా ఉన్నవాణ్ణి చూసి వాడవలసిన మాటే వాడారు.

#12 · కొత్తచూపు

ఆ మొదటి కోరిక మా గోదాము గేటుకు తగిలించినా సరిగ్గా సరిపోతుంది. పార్టీ అన్న మాట ఒక్కటి కొట్టేయాలి.

#13 · తూకంరాళ్లు

హక్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. 1948లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనను 48 దేశాలు సమర్థించగా ఎనిమిది ఓటు వేయకుండా తప్పుకున్నాయి. సోవియట్ యూనియన్ ఆ ఎనిమిదిలో ఒకటి. ఆ ప్రకటనలో వాక్‌స్వాతంత్ర్యం, పనిచేసే హక్కు, ఆస్తి హక్కు మూడూ ఉన్నాయి. దాన్ని చట్టబద్ధమైన ఒడంబడికగా మార్చేటప్పుడు ఒకటి కాస్తా రెండయింది. 1966లో పౌర, రాజకీయ హక్కులకు ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులకు ఇంకొకటి ఆమోదించారు. చైనా 2001లో రెండోదాన్ని ధ్రువీకరించింది, మొదటిదాని మీద 1998లో చేసిన సంతకం సంతకంగానే ఉంది. అమెరికా 1992లో మొదటిదాన్ని ధ్రువీకరించింది, రెండోదాని మీద 1977లో చేసిన సంతకం సంతకంగానే ఉంది. ఆస్తి హక్కు మాత్రం రెండు ఒడంబడికల్లోనూ చోటు దక్కక బయటే నిలబడిపోయింది, ఎందుకంటే దాని అర్థం మీద ఒప్పందం కుదరలేదు. అక్షరబాట గారి పట్టికలో రెండు గడుల మధ్య ఉన్న నిలువు గీతను అంతర్జాతీయ చట్టం కూడా గీసింది.

#14 · స్వేచ్ఛాపథం

గీత గీయడం తప్పని నేను అనను. వాక్‌స్వాతంత్ర్యం ఇవ్వాలంటే రాజ్యం నోరు మూయించకుండా ఉంటే సరిపోతుంది. పని ఇవ్వాలంటే ఎవరినో ఒకరిని పని కల్పించమని ఆజ్ఞాపించాలి. సోవియట్ యూనియన్ 1930లో నిరుద్యోగం లేదని ప్రకటించింది. పనిచేసే హక్కు పనిచేసే విధిగా మారడానికి ఎంతోకాలం పట్టలేదు. 1964లో కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీని పనిలేని పరాన్నభుక్కు అని విచారించి అయిదేళ్లు దూరప్రాంతానికి పంపారు. కవిత్వం రాయడం పని కాదని తేల్చింది న్యాయస్థానం.

#15 · అక్షరబాట

ఇంత చర్చ తరువాత ఆ పట్టికను తరగతిలో ఎలా వాడాలో నాకు ఒక ఆలోచన వచ్చింది. గడుల్లోని మాటలు చెరిపేసి ఖాళీ పట్టిక గీస్తాను. కొన్ని వాక్యాలు పేర్లు లేకుండా చీటీల మీద రాసి ఇచ్చి, ఏ గడిలో పెడతారో విద్యార్థులనే పెట్టమంటాను. ‘పనిచేయనివాడు తినకూడదు’ అన్నది ఒక చీటీ; అది 1936 సోవియట్ రాజ్యాంగపు పన్నెండో అధికరణంలో ఉందని చెప్పేలోపు చాలామంది దాన్ని ఏ మిల్లు యజమానికో అంటగడతారని నా నమ్మకం. గ్దాన్‌స్క్ మొదటి కోరిక ఇంకొకటి. లాక్‌నర్ తీర్పులోని స్వేచ్ఛ మూడోది. ప్రశ్న అడిగిన అమ్మాయికి మాత్రం లాక్ సేవకుడి వాక్యం ఇస్తాను.

#16 · ఎర్రంచు

ఇంకొక చీటీ చేర్చండి. ఆస్తి భద్రత కోసం ఏర్పడినంత మేరకు పౌర ప్రభుత్వం నిజానికి పేదల నుంచి ధనికుల్ని, ఏమీ లేనివారి నుంచి ఎంతో కొంత ఉన్నవారిని కాపాడడానికే ఏర్పడింది అన్న వాక్యం. అందరూ కుడి గడిలోనే పెడతారు, నేనూ మొదటిసారి చదివినప్పుడు అక్కడే పెట్టాను. అది 1776లో ఆడమ్ స్మిత్ రాసింది.